విత్తనం దాచి, చేను మాడ్చి

"మూలకణాలు ఎక్కిస్తే కేన్సర్ పోతుందట, నిజమేనా?" అని అనంతపురం పాఠకుడొకరు అడిగారు. తిరకాసంతా ఆ "ఎక్కిస్తే"లో ఉంది.

ఎముక మూలుగలో పుట్టే మల్టిపుల్ మైలోమా అనే రక్త కేన్సర్‌నే చూడండి. అక్కడ కేన్సర్‌ను చంపేది మెల్ఫలాన్ అనే మందు, ఒంటి వైశాల్యంలో చదరపు మీటరుకు 200 మిల్లీగ్రాములు. చెనిక్కాయ చేనులో కలుపుమందు మోతాదు మించితే కలుపుతో పాటు పైరూ మాడుతుంది కదా, ఇక్కడ మాడే పైరు రక్తాన్ని తయారుచేసే ఎముక మూలుగ. అందుకే ముందే విత్తనం, అంటే మూలుగను తిరిగి మొలిపించే రోగి సొంత మూలకణాలను, తీసి దాస్తారు. మూలుగను ఉసిగొల్పే జీ-సీఎస్‌ఎఫ్ అనే మందు ఇంజెక్షన్లు కిలో బరువుకు 10 మైక్రోగ్రాముల చొప్పున నాలుగైదు రోజులు వేస్తే మూలకణాలు మూలుగను వదిలి రక్తంలోకి దిగుతాయి. ఎముకలు సలుపుతాయి, అది మామూలే. అఫెరిసిస్ యంత్రం నాలుగైదు గంటలు రక్తాన్ని తిప్పి వాటిని ఏరుతుంది. రోగి బరువులో కిలోకు కనీసం 20 లక్షల మూలకణాలు కావాలి. అంటే 60 కిలోల మనిషికి 12 కోట్లు. తగ్గితే ప్లేట్‌లెట్ల మొలక ఆలస్యమవుతుంది. ఊరికే గడ్డకట్టిస్తే మంచు పలుకులు కణాలను చీల్చేస్తాయి కాబట్టి మంచు పలుకులు కట్టకుండా కాపాడే డీఎంఎస్‌ఓ అనే ద్రవం కలిపి ద్రవ నైట్రోజన్‌లో పెడతారు. తిరిగి ఎక్కించేటప్పుడు గదంతా వెల్లుల్లి వాసన దానిదే.

మెల్ఫలాన్ ఇచ్చాక అది ఒంట్లోంచి పోవడానికి కనీసం ఒక రోజు ఆగాలి, లేకుంటే విత్తనమూ మాడుతుంది. దాచిన మూలకణాలను సెలైన్ ఎక్కించినట్టే నరంలోకి ఎక్కిస్తారు. మూలుగ విడుదల చేసే రసాయనం జాడ పట్టి కణాలు వాటంతటవే అక్కడికి చేరతాయి. రెండు వారాలకు అటూ ఇటూగా మొలకెత్తుతాయి. అందాకా క్రిములతో పోరాడే తెల్లకణాలు ఉండవు కాబట్టి జ్వరం 38 డిగ్రీలు దాటితే గంటలోపు యాంటీబయాటిక్ పడాల్సిందే.

మైలోమాలో చిక్కేమిటంటే, నేల లోపల తుంగగడ్డ మిగిలినట్టు కొన్ని కణాలు మిగులుతాయి, జబ్బు తిరగబెడుతుంది. లుకేమియా అనే మరో రక్త కేన్సర్‌లో సొంత విత్తనంలోనే కలుపు గింజలు ఉండొచ్చు. అందుకే చాలాసార్లు ఇంకొకరి విత్తనం వాడతారు. తోబుట్టువు కణజాలం రోగితో పూర్తిగా కుదిరే అవకాశం నాలుగింట ఒకటి. మన దేశంలో 1983లోనే ముంబై టాటా మెమోరియల్‌లో మూలుగ మార్పిడి చేశారు.

అసలు గమ్మత్తు ఇక్కడుంది. దాత విత్తనంతో పాటు వచ్చే టీ కణాలు (ఒంటికి కాపలా కాసే తెల్లకణాలు) మిగిలిన కేన్సర్ కణాలను తామే ఏరేస్తాయి. కానీ చేతికందిందల్లా పీకే కూలీలా రోగి చర్మాన్ని, పేగులను, కాలేయాన్నీ వదలవు. దానికి విరుగుడుగా, ఎక్కించాక మూడో, నాలుగో రోజుల్లో సైక్లోఫాస్ఫమైడ్ అనే మందు ఇస్తారు. రోగి ఒంటిపై రెచ్చిపోయి గబగబా విభజన చెందుతున్న టీ కణాలు దానికి చస్తాయి. మూలకణం దగ్గర ఆ మందును విరిచేసే ఆల్డిహైడ్ డీహైడ్రోజినేస్ ఎంజైమ్ దండిగా ఉంటుంది. మొలకెత్తని విత్తనానికి ఏమీ కాదు.