కొంగల ఊళ్లు: అపోహలు - వాస్తవాలు

గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు (పెయింటెడ్ స్టార్క్‌లు) గూళ్లు పెట్టే ఊళ్లలో మా పని. శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గర తేలినీలాపురం, గుంటూరు పక్కన ఉప్పలపాడు, హిందూపురం వైపు వీరాపురం... ఎక్కడికెళ్లినా చూడవచ్చినవాళ్ల నోట ఇవే మాటలు వినిపిస్తాయి.

అపోహ: ఇవి సైబీరియా నుంచి వచ్చే విదేశీ అతిథులు.

వాస్తవం: కావు. పేపర్లలో ఏటా ఇదే రాస్తారు గానీ, ఈ రెండూ మన పక్షులే. దక్షిణాసియా, ఆగ్నేయాసియా దాటి పోవు. సైబీరియా నుంచి నిజంగా వచ్చే బాతులు మన దగ్గర చలికాలం గడిపి, తిరిగి వెళ్లి అక్కడే గుడ్లు పెడతాయి. ఇవి గుడ్లు పెట్టేదే ఇక్కడ. తేలినీలాపురానికి సెప్టెంబరు ప్రాంతంలో వస్తాయి. పిల్లలకు రెక్కలొచ్చాక, మార్చి, ఏప్రిల్ నాటికి చెరువులు వెతుక్కుంటూ చెదిరిపోతాయి. పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లల్లా ఊరివాళ్లు వీటిని చూసుకుంటారు. శాస్త్రానికి దగ్గరగా ఉన్నది ఆ చూపే. అతిథి రాకపోతే ఇంకెక్కడో సుఖంగా ఉందిలే అనుకుంటాం. ఇవి గూళ్లు పెట్టే చింతచెట్లు పోతే మాత్రం వీటికి పిల్లల్ని పెంచుకునే చోటే తగ్గిపోతుంది.

అపోహ: కిందపడ్డ పిల్లను ముట్టుకుంటే తల్లి మళ్లీ దగ్గరికి రానివ్వదు.

వాస్తవం: మనిషి వాసనకూ దీనికీ సంబంధం లేదు. తల్లి మేత పెట్టేది గూట్లోనే. నేల మీద పడ్డ పిల్లను ఎవరూ తాకకపోయినా అది పట్టించుకోదు, ఈలోగా కుక్కలు లాక్కుపోతాయి. కాబట్టి తీయాల్సిందే. తల మీద పల్చటి గుడ్డ కప్పి, రెక్కలు ఒంటికి ఆనించి, రెండు చేతులతో ఎత్తండి. ముక్కు గట్టిగా మూసి పట్టుకోవద్దు. గూడబాతు ఊపిరి తీసేది నోటితోనే, ముక్కురంధ్రాలు మూసుకుపోయి ఉంటాయి. దాహంతో ఉందని జాలిపడి నోట్లో నీళ్లు పోయొద్దు. నాలుక మొదట్లోనే గాలిగొట్టం తెరుచుకుని ఉంటుంది, ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. గంపలో నీడపట్టున ఉంచి ఫారెస్టు వాళ్లకు కబురు చేయండి. దెబ్బ తగలని పిల్లను కంచె లోపల చిన్న చేపలు పెట్టి సాకితే రెక్కలొచ్చి ఎగిరిపోతుంది.

అపోహ: రెట్టల వల్ల ఊరంతా రోగాలే.

వాస్తవం: కంపు నిజం. చెట్టుకు నష్టమూ నిజమే: ఆకు మాడుతుంది, చింతకాయ కాపు పడిపోతుంది. అయితే చెరువులో పడ్డ రెట్టలో నత్రజని, భాస్వరం ఉంటాయి, ఆ నీళ్లు పారే మడికి అది ఎరువు. ఎండిన రెట్టలు ఊడ్చేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకుని, తర్వాత చేతులు కడుక్కుంటే చాలావరకు భయం లేదు. ఒక్కసారిగా చాలా పక్షులు చచ్చి పడితే మాత్రం ముట్టుకోకుండా పశువైద్యులకు చెప్పండి.

అపోహ: చెట్లు కొట్టకుండా ఉంటే చాలు.

వాస్తవం: చెట్టు పడకకే. కడుపు నింపేది చుట్టుపక్కల చెరువులు, నౌపడా తంపర లాంటి చిత్తడి నేలలు. పెద్ద గూడబాతుకు రోజుకు కిలో దాకా చేపలు కావాలి. 2021-22 సీజన్‌లో తేలినీలాపురంలో గూడబాతులు పదుల సంఖ్యలో చనిపోయాయి. చెట్ల మీద ఎవరూ చెయ్యి వేయలేదు. పరీక్షల్లో తేలింది, కారణం అవి తిన్న చేపల ద్వారా కడుపులోకి చేరిన నులిపురుగులని. ఈ పక్షులు బతకాలంటే పక్క ఊరి చేపల చెరువు రైతుతో కూడా మనం కూర్చుని మాట్లాడాలి.

అపోహ: అభయారణ్యంగా ప్రకటిస్తే సరిపోతుంది, మిగతాది ఫారెస్టు వాళ్ల పని.

వాస్తవం: గూళ్లున్న చెట్లు చాలావరకు ఎవరో ఒకరి పెరట్లోవే. కర్ణాటక మండ్య జిల్లాలోని కొక్కరెబెళ్లూరులో చింతకాపు పోగొట్టుకున్న యజమానులకు అటవీశాఖ పరిహారం ఇస్తోంది, కిందపడ్డ పిల్లల్ని ఊరి కుర్రాళ్లే సాకారు. వన్యప్రాణి చట్టానికి 2002లో చేసిన సవరణ, సొంత భూములున్న ఊళ్లు కూడా సాముదాయిక రిజర్వుగా (కమ్యూనిటీ రిజర్వు, అంటే ఊరివాళ్లే ముందుకొచ్చి కాపాడుకునే చోటుగా) ఏర్పడే దారి తెరిచింది. దాని నిర్వహణ కమిటీలో ఊరి ప్రతినిధులు ఉంటారు. మీ ఊళ్లో కొంగలు గూళ్లు పెడుతుంటే వచ్చే గ్రామసభలో ముందు చెట్టు యజమానుల జాబితా రాయించండి, వాళ్ల కాపు నష్టం ఎంతో అడగండి. వాచ్‌టవర్, బోర్డుల సంగతి తర్వాత చూసుకోవచ్చు.