మాత్రలా, మాటలా? తగాదా మొదలైన ఆసుపత్రి

మెదడులో సెరొటోనిన్ అనే రసాయనం తగ్గడం వల్లే డిప్రెషన్ వస్తుందన్న మాటకు నికరమైన ఆధారం లేదని 2022 జులైలో లండన్ పరిశోధకులు తేల్చారు. ఆ వార్త ఇప్పుడు మళ్ళీ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. ఈసారి దానికి ‘మాత్రలు మానేయండి, కౌన్సెలింగ్ చాలు’ అన్న సలహా కూడా తోడైంది. ‘మాటలతో జబ్బు తగ్గుతుందా’ అని అవతలివాళ్ళ ఎదురు ప్రశ్న. యూనివర్సిటీ కాలేజ్ లండన్‌కు చెందిన జొయానా మాంక్రీఫ్, మార్క్ హోరోవిట్జ్ బృందం పరిశీలించింది జబ్బుకు కారణమేమిటన్న విషయాన్ని. మాత్రలు పనిచేస్తాయా లేదా అన్నది వాళ్ళు పరీక్షించనే లేదు. 2018లో 522 ట్రయల్స్‌ను కలిపి చూసిన మరో సమీక్షలో 21 మందులూ ఉత్తుత్తి మాత్ర కన్నా మెరుగ్గానే తేలాయి. అయితే ఆ మెరుగు సగటున పెద్దదేమీ కాదు.

క్షయ మందు వాడిన రోగులు హుషారెక్కడం, 1950ల్లో తొలి డిప్రెషన్ మందులు రావడం చాలామంది రాసిన కథే. నేటి తగాదా ముడి అక్కడ పడలేదు. 1979లో ఒక డాక్టరు రోగిగా మారినప్పుడు పడింది.

రఫాయెల్ ఓషెరాఫ్ వర్జీనియాలో కిడ్నీ డాక్టరు. ఆ ఏడాది జనవరిలో తీవ్రమైన డిప్రెషన్‌తో మేరీలాండ్‌లోని చెస్ట్‌నట్ లాడ్జ్ ఆసుపత్రిలో చేరారు. మనోవిశ్లేషణకు పేరుమోసిన చోటు అది. జబ్బు మూలం ఆయన వ్యక్తిత్వంలో ఉందని, దాన్ని మాటల ద్వారానే తవ్వి తీయాలని అక్కడి వైద్యులు నమ్మారు. మందులివ్వలేదు. వారానికి నాలుగు సిట్టింగుల చొప్పున ఏడు నెలలు గడిచాయి. ఈలోగా ఆయన 18 కిలోలు తగ్గిపోయారు. నిద్ర కరవైంది. నిలువలేక గంటల తరబడి అటూ ఇటూ నడుస్తూనే ఉండేవారు, పాదాలు వాచి వాటికి వేరే వైద్యం చేయాల్సి వచ్చింది. ఇంత చూసి కూడా, వైద్యులంతా కూర్చుని చర్చించి, పద్ధతి మార్చనక్కర్లేదనే నిర్ణయించారు. ఎదురుగా మనిషి కరిగిపోతుంటే సిద్ధాంతాన్నే పట్టుకు కూర్చోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

చివరికి ఇంటివాళ్ళు ఆయన్ను కనెక్టికట్‌లోని సిల్వర్ హిల్ ఆసుపత్రికి మార్చారు. అక్కడ మందులు మొదలుపెట్టాక మూడు వారాల్లో తేడా కనిపించింది, మూడు నెలల్లో ఇంటికి వచ్చేశారు. అప్పటికే ప్రాక్టీసు చేజారింది, పరువు పోయింది, ఇద్దరు పిల్లల కస్టడీ దక్కలేదు. 1982లో చెస్ట్‌నట్ లాడ్జ్‌పై కేసు వేశారు. అది 1987లో రాజీతో ముగిసింది. అంటే మాటలు గొప్పవా, మందులు గొప్పవా అని ఏ కోర్టూ తీర్పు చెప్పలేదు.

తీర్పు లాంటిది పత్రికలో వచ్చింది. ఓషెరాఫ్ తరఫు నిపుణుడు జెరాల్డ్ క్లెర్మన్ 1990లో అమెరికన్ జర్నల్ ఆఫ్ సైకియాట్రీలో, పనిచేస్తుందని రుజువైన వైద్యం పొందడం రోగి హక్కు అని వాదించారు. ఒక వర్గం ప్రమాణాలను చట్టం అండతో అందరి మీదా రుద్దకూడదని హార్వర్డ్ ప్రొఫెసర్ అలన్ స్టోన్ అదే సంచికలో అడ్డుచెప్పారు. జనంలో మాత్రం ‘మాత్ర గెలిచింది, మాట ఓడింది’ అన్న ఒక్క ముక్కే నిలిచింది. రాజీ కుదిరిన 1987 చివర్లోనే అమెరికాలో సెరొటోనిన్ మీద పనిచేసే ప్రొజాక్ మాత్రకు అనుమతి రావడంతో ఆ ముక్కకు రెక్కలొచ్చాయి. ‘మెదడులో రసాయనాల లోపం, మాత్రతో భర్తీ’ అన్న ప్రచారం ఆ గాలిలోనే పెరిగింది. 2022లో కూలింది ఆ ప్రచారం.

మాటల వైద్యానికి క్లెర్మన్ శత్రువు కాదన్నది ఈ కథలో అందరూ మరిచిపోయే సంగతి. భర్త పోవడం, ఇంట్లో గొడవలు, కొత్త ఊరు, ఒంటరితనం లాంటి వాటి మీద గురిపెట్టి మాట్లాడే ఇంటర్‌పర్సనల్ థెరపీని మిర్నా వైస్‌మన్‌తో కలిసి తయారుచేసింది ఆయనే. 1989లో ఫలితాలు వెలువడిన అమెరికా ప్రభుత్వ ట్రయల్‌లో 250 మంది రోగుల మీద ఆ థెరపీని, ఆలోచనల తీరు మార్చే బెక్ పద్ధతిని, ఇమిప్రమిన్ మందును ఒకే తక్కెడలో తూచారు. ఆయన అడిగిందల్లా మందుకు పెట్టే పరీక్షే మాటకూ పెట్టమని.

ఆ పరీక్షల్లో మాట నిలబడింది. ఏళ్ళ తరబడి డిప్రెషన్ వదలని 681 మందిపై జరిపిన ట్రయల్ ఫలితాలు 2000లో వచ్చాయి. మందు ఒక్కటే వాడితే 48 శాతం మందికి, థెరపీ ఒక్కటే అయితే అంతే మందికి, రెండూ కలిపితే 73 శాతం మందికి గుణం కనిపించింది. (ఆ మందు నెఫజొడోన్. అది కాలేయాన్ని దెబ్బతీయగలదని తర్వాత తేలింది, 2004లో తయారీదారే అమెరికాలో అమ్మకాలు ఆపేశారు.)

మన దేశంలో గోవాలో సైకియాట్రిస్టు విక్రమ్ పటేల్ బృందం, సైకాలజీ డిగ్రీ లేని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి 10 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో కూర్చోబెట్టింది. ఆరు నుంచి ఎనిమిది సిట్టింగులు. మూడు నెలలకు వాళ్ళతో మాట్లాడిన రోగుల్లో 64 శాతం మంది డిప్రెషన్ నుంచి బయటపడ్డారని, మామూలు వైద్యం అందినవాళ్ళలో 39 శాతమే బయటపడ్డారని 2017లో లాన్సెట్ వైద్య పత్రికలో ప్రకటించారు. సైకియాట్రిస్టు కోసం పట్నం దాకా వెళ్ళాల్సిన మన పల్లెలకు ఈ అంకె చాలా విలువైనది. మాత్ర అవసరమైన తీవ్ర రోగికి అది అందకుండా చేసేందుకు మాత్రం దీన్ని వాడకూడదు. చెస్ట్‌నట్ లాడ్జ్‌లో జరిగింది అదే.

మాత్రలు మానేయమంటున్నవాళ్ళు సాక్ష్యంగా చూపే సమీక్ష రచయితల్లో ఒకరైన హోరోవిట్జ్, 2019లోనే డేవిడ్ టేలర్‌తో కలిసి ఈ మందులు ఆపే పద్ధతి గురించి రాశారు. ఒక్కసారిగా ఆపొద్దని, నెలల తరబడి, చివర్లో మరీ చిన్న మోతాదులకు దిగుతూ తగ్గించాలని అందులో ఉంది.