మడ అడవి ఫిడ్లర్ పీత: అపోహలు - వాస్తవాలు

మడ అడవుల రక్షణ పనిలో ఉన్నానంటే ఎన్ని మొక్కలు నాటారని అడుగుతారు. బురదలో ఫిడ్లర్ పీత అనే చిన్న పీత బొరియలు ఎన్ని ఉన్నాయని ఎవరూ అడగరు. నేను ముందు చూసేది వాటినే.

అపోహ: ఫిడ్లర్ పీత పెద్ద డెక్క తిండి కోసం.
తినడానికి అది పనికిరాదు. పెద్ద డెక్క మగ పీతకే ఉంటుంది, అదీ ఒకవైపే. దాన్ని ఊపి ఆడ పీతను పిలుస్తుంది, బొరియ మీదికొచ్చిన మరో మగదాన్ని తరుముతుంది. తిండికి మిగిలేది చిన్న డెక్క ఒక్కటే. ఆడ పీతకు రెండూ చిన్నవే కాబట్టి రెండింటితోనూ తింటుంది.

అపోహ: డెక్క విరిచినా మళ్లీ మొలుస్తుంది, నష్టం లేదు.
మొలుస్తుంది. కానీ చాలా జాతుల్లో కొత్తది తేలిగ్గా, బలహీనంగా ఉంటుంది.

అపోహ: ఇవి మడ మొక్కల్ని తినేస్తాయి, వేళ్లను పాడుచేస్తాయి.
ఆకులు, మొలకలు తినే పీతలు వేరు. ఫిడ్లర్ పీత తినేది బురద పైపొరలోని సూక్ష్మ నాచు, బ్యాక్టీరియా. బురదను నోట్లో జల్లించి, మిగిలింది ఉండలు చేసి వదిలేస్తుంది. ఆటు వేళ బొరియల చుట్టూ కనిపించే చిన్న ఉండలు అవే. మడ బురదలో కాస్త లోతుకు వెళ్తే గాలి ఆడదు, కుళ్లిన గుడ్డు వాసన వేసే సల్ఫైడ్ పేరుకుంటుంది. బొరియల గుండా గాలీ నీరూ దిగితే ఆ విషం తగ్గుతుంది. అది వేళ్లకు మేలే.

అపోహ: చెట్లు లేని బురద నేల ఖాళీ జాగా.
నా దృష్టిలో అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఈ మాటే. ఎండ తగిలే ఆ నేల మీదే నాచు బాగా పెరుగుతుంది. చాలా ఫిడ్లర్ జాతులు మేసేదీ, డెక్కలు ఊపేదీ అక్కడే. వలస పక్షులు మేతకు దిగేదీ అక్కడికే. పోటు నీరు ఎక్కువసేపు నిలిచే పల్లంలో నాటిన మొక్కలు చాలావరకు చచ్చిపోతాయి. బతికితే పీతల మేత మీద నీడ కమ్ముతుంది. నాటే ముందు ఒక్కసారి ఆటు వేళ వచ్చి నిలబడి చూడమని బతిమాలుతుంటాను. కట్టలు అడ్డుపడి నీరు రాని చోట, పోటుకు దారి తెరిస్తే మడ విత్తనాలు చాలాసార్లు వాటంతటవే కొట్టుకొచ్చి నాటుకుంటాయి.

అపోహ: పైన తేలిన చమురు తీసేస్తే సరిపోతుంది.
1969లో అమెరికాలోని మసాచుసెట్స్ తీరంలో చమురు ఒలికింది. అది మడ అడవి కాదు, ఉప్పునీటి గడ్డి నేల. అయినా అక్కడున్నదీ ఫిడ్లర్ పీతే. దాదాపు 40 ఏళ్ల తర్వాత చూసినా, చమురు ఇంకిన చోట వాటి బొరియలు లోతు తక్కువగానే ఉన్నాయి.

అపోహ: మడ తోపు చుట్టూ కంచె వేస్తే రక్షించినట్టే.
గుడ్ల నుంచి బయటపడ్డ లార్వాలు, అంటే పీత పిల్లలు, ఆటు నీటితో సముద్రం వైపు వెళ్లిపోతాయి. కొన్ని వారాలు నీళ్లలో తేలుతూ పెరిగి, పోటుతో తిరిగొస్తాయి. నీరు సముద్రంలో కలిసే మొగ దగ్గర అడ్డుకట్ట పడితే కంచె లోపల ముసలి పీతలే మిగులుతాయి.