డార్క్ చాక్లెట్ షుగర్‌కి మందు కాదండీ: అపోహలు, వాస్తవాలు

"స్వీట్లు పూర్తిగా మానేశాను మేడమ్, డార్క్ చాక్లెట్ ఒక్కటే తింటున్నా, అది షుగర్‌కి మంచిదట కదా!" డైటీషియన్‌గా ఈ మాట వినని వారం ఉండటం లేదు. ఎవరు చెప్పారంటే వాట్సాప్‌లో వచ్చిందంటారు. ఆ ఫార్వర్డ్ పంపినవాళ్లకి పోయేదేమీ లేదు, మూడు నెలల తర్వాత హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చూపే పరీక్ష) రిపోర్ట్ పట్టుకుని "అన్నం కూడా తగ్గించేశానే, ఎందుకు పెరిగింది" అని దిగులుపడేది వీళ్లు.

అపోహ: డార్క్ అంటే పంచదార లేనట్టే.

వాస్తవం: ఉంటుంది, బాగానే ఉంటుంది. రేపర్ మీద 50%, 70% అని వేసే అంకె కోకో గింజ నుంచి వచ్చిన సరుకు మొత్తానిది, కోకో బటర్ కూడా అందులోనే. మిగిలిన భాగంలో ఎక్కువ పంచదారే. మన సూపర్ మార్కెట్లలో డార్క్ అని అమ్మేవి చాలావరకు 50 చుట్టుపక్కల ఉంటాయి. అలాంటిది 40 గ్రాములు తింటే దాదాపు 20 గ్రాముల పంచదార, అంటే నాలుగు చెంచాలు. కాఫీలో అర చెంచా కూడా వద్దనేవాళ్లు టీవీ చూస్తూ నాలుగు చెంచాలు తినేస్తున్నారు, ఎవరూ చెప్పకపోవడం వల్ల. రోజు మొత్తానికి 25 గ్రాముల లోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే చెబుతోంది. ప్యాకెట్ వెనక్కి తిప్పండి. పదార్థాలను బరువు ఎక్కువున్న వరుసలో రాస్తారు కాబట్టి పంచదార పేరు ముందుంటే దాన్ని డార్క్ అన్నా ఇంకేమన్నా మిఠాయి కిందే లెక్క.

"తిన్న గంటకి మిషన్‌లో చూసుకున్నా, పెద్దగా పెరగలేదు" అంటారు కొందరు. నిజమే, పెరగకపోవచ్చు. చాక్లెట్‌లో కొవ్వు ఎక్కువ, దానివల్ల పంచదార రక్తంలోకి నెమ్మదిగా చేరుతుంది. నెమ్మదిగా చేరినా చేరడం మానదు కదా. పైగా 70% దాటిన బార్ 100 గ్రాములకి దాదాపు 600 కేలరీలు, రోజూ తింటే బరువు పెరుగుతుంది, బరువుతో పాటు షుగర్ కూడా.

రిటైరైన మాస్టారు ఒకాయన ఉన్నారు. అమెరికా నుంచి కూతురు ప్రేమగా పెద్ద పెద్ద ప్యాకెట్లు పంపిస్తుంటే రాత్రి భోజనం అయ్యాక మందులాగా క్రమం తప్పకుండా తినేవారు. బీపీకి కూడా అదే మందని విని, అది చాలనుకుని బీపీ మాత్ర ఆపేశారు కూడా. ఆ సంగతి నాకు చెప్పింది ఆయన కాదు, వాళ్లావిడ, ఆయన బిల్లు కట్టడానికి వెళ్లినప్పుడు. "ఎన్నాళ్లమ్మా ఈ మాత్రలు మింగడం" అన్నారాయన తర్వాత. ఆ విసుగు నాకు అర్థమవుతుంది, జీవితాంతం మందులంటే ఎవరికైనా భయమే, తియ్యగా ఉండే దారి ఒకటి కనిపిస్తే నమ్మాలనిపిస్తుంది. కానీ లెక్క చూడండి. బీపీ మీద కోకో ప్రభావం గురించి 35 ప్రయోగాలను కలిపి చూసిన కోక్రేన్ (వైద్య పరిశోధనలను బేరీజు వేసే అంతర్జాతీయ సంస్థ) సమీక్ష 2017లో వచ్చింది. సగటున తగ్గింది సుమారు 2 పాయింట్లు. మామూలు బీపీ మాత్ర ఒక్కటి దానికి ఎన్నో రెట్లు తగ్గిస్తుంది. దయచేసి మీ అంతట మీరు మాత్ర ఆపకండి, అడగాల్సింది ఏదైనా ఉంటే రాసిన డాక్టర్‌నే అడగండి.

అపోహ: శాతం ఎక్కువైతే ఫ్లావనాల్స్ (కోకో గింజలో సహజంగా ఉండే, గుండెకి మంచివని చెప్పే పదార్థాలు) ఎక్కువ.

వాస్తవం: గ్యారంటీ లేదు. ఏలూరు వైపు మా పెదనాన్నగారి కొబ్బరి తోటలో అంతర పంటగా కోకో ఉంది. కాయ పగలగొడితే గింజ చుట్టూ తెల్లటి గుజ్జు తీపిగా, పుల్లగా భలే ఉంటుంది, చిన్నప్పుడు దానికోసమే తోటకి పోయేవాళ్లం. గింజ కొరికితే మాత్రం నోరంతా చేదు, వగరు. ఆ వగరులో ఎక్కువ భాగం ఫ్లావనాల్స్‌దే. గింజలని కొన్ని రోజులు పులియబెట్టి, ఎండబెట్టి, వేయించేసరికి అవి చాలా తగ్గిపోతాయి. రంగు కోసం, చేదు తగ్గడం కోసం క్షారంతో శుద్ధి చేస్తే ఇంకా పోతాయి. లేబుల్ మీద 'ఆల్కలైజ్డ్' అనో, 500, 501 నంబర్ల అసిడిటీ రెగ్యులేటర్ అనో ఉంటే చాలాసార్లు అదే సంగతి. నల్లగా ఉంటే మంచిదనుకోవడం కూడా అందుకే తప్పు.

గుండెకి మంచిదని వార్తల్లో వచ్చిన పెద్ద ప్రయోగం, 2022లో ఫలితాలు వచ్చిన కాస్మోస్, అందులో 21 వేల మందికి పైగా ఉన్నారు, వాళ్లలో సగం మందికి ఇచ్చింది చాక్లెట్ కాదు, రోజుకి 500 మిల్లీగ్రాముల ఫ్లావనాల్స్ ఉన్న క్యాప్సూల్స్. గుండె మరణాలు కొంత తగ్గినట్టు కనిపించినా, అసలు చూడాలనుకున్న మొత్తం గుండె జబ్బుల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. మామూలు బార్ మీద ఫ్లావనాల్స్ ఎన్నో రాయనే రాయరు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. 'షుగర్ ఫ్రీ' చాక్లెట్‌లో పంచదార బదులు వేసే మాల్టిటాల్ ఉంటే అది కూడా షుగర్‌ని కొంత పెంచుతుంది, ఎక్కువ తింటే విరేచనాలు. రక్తం పడుతుందని గర్భిణులకి పెట్టకండి, కోకోలో ఐరన్ ఉంది కానీ అందులోని పాలీఫినాల్సే (ఫ్లావనాల్స్ కూడా ఈ కోవవే) దాన్ని ఒంటికి సరిగా పట్టనివ్వవు, డాక్టర్ రాసిన ఐరన్ మాత్రే దారి. చాక్లెట్‌లో సీసం, కాడ్మియం అనే హానికరమైన లోహాలు ఉన్నాయన్న వార్త పుకారు కాదు, 2022లో అమెరికాలో కన్స్యూమర్ రిపోర్ట్స్ అనే వినియోగదారుల సంస్థ పరీక్షించిన 28 బార్లలోనూ దొరికాయి. ఎప్పుడో ఒక ముక్క తిన్నవాళ్లు టెన్షన్ పడక్కర్లేదు, రోజూ తినేవాళ్లు, పిల్లలు, గర్భిణులు మాత్రం తగ్గించాలి.

ఇష్టమైతే తినండి, నేను వద్దనను. షుగర్ అదుపులో ఉంటే 70% పైన ఉన్నది, ఒకటి రెండు చిన్న ముక్కలు, పది గ్రాములు దాటకుండా, వారంలో రెండు మూడు సార్లు, భోజనం అయిన వెంటనే. నా దగ్గర చార్ట్ తీసుకున్నవాళ్లయితే అది కూడా రాయించుకోండి, ఆ పూట అన్నంలో తగ్గించి లెక్క వేస్తాను. కిడ్నీ సమస్య ఉండి పొటాషియం తగ్గించమన్నవాళ్లు, కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడగకుండా ముట్టుకోవద్దు.