కూరగాయల గిన్నెలో పంది ఎముక: అమెరికా దక్షిణాది భోజనంపై అపోహలు – వాస్తవాలు

జార్జియా, టెనెసీ, మిసిసిపీ రాష్ట్రాల్లో బల్ల నిండా గిన్నెలు పెట్టేసి, ఎవరికి కావలసింది వాళ్లు వడ్డించుకోమనే పల్లె భోజనశాలలు చాలా ఉన్నాయి. ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే అట్లాంటా, నాష్‌విల్‌లోని మనవాళ్లు ఇలాంటి చోటికి తీసుకువెళ్తుంటారు. వంటింటి వైపు నుంచి చెబుతున్నాం: చిక్కొచ్చేది మాంసం పళ్లెంతో కాదు, కూరలతో.

అపోహ: ఆకుకూర, చిక్కుళ్లు, అలసందలు శాకాహారమే కదా.

వాస్తవం: పాత పద్ధతిలో కాలర్డ్ (క్యాబేజీ జాతి మందపాటి ఆకుకూర) వండాలంటే ముందు పొగబెట్టిన పంది కాలి ఎముకను గంటసేపు నీళ్లలో ఉడికిస్తారు. ఆ రసంలోనే ఆకు వేసి ముప్పావుగంటకు పైగా మగ్గనిస్తారు. చాలాచోట్ల వడ్డించే ముందు ఎముక తీసేస్తారు, కాబట్టి కంటికి ఏమీ కనబడదు. 'ఇందులో మాంసం ఉందా?' అని అడిగితే వడ్డించే మనిషి 'లేదు' అనొచ్చు. అది అబద్ధమూ కాదు. అడగాల్సింది 'దేంట్లో ఉడికించారు? బేకన్ (ఉప్పుపెట్టిన పంది మాంసం) కొవ్వు, చికెన్ రసం ఏమైనా పడిందా?' అని. కొన్ని వంటిళ్లలో పంది బదులు పొగబెట్టిన టర్కీ కోడి వేస్తారు. పంది మాత్రమే మానేసినవాళ్లకు అది చాలు, శాకాహారులకు చాలదు.

కూరలతోనే అయిపోదు. మొక్కజొన్న రొట్టె పోసే ఇనప మూకుడుకు బేకన్ కొవ్వు రాస్తారు. బిస్కెట్‌లోనూ (ఇక్కడ అది మెత్తటి చిన్న రొట్టె), 'పై' (pie) అనే తీపి వంటకం అడుగు పిండిలోనూ పందికొవ్వు ఉండొచ్చు. తెల్ల గ్రేవీకి మూలం తరచూ పంది సాసేజ్ కొవ్వు. చిలగడదుంప మీద వేసే మార్ష్‌మెలో అనే మెత్తటి మిఠాయిలో జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసే జెలటిన్ ఉంటుంది. బెండకాయ వేపుడు చాలాసార్లు కోడి వేగిన నూనెలోనే వేగుతుంది. ఇక మిగిలేవి టమాటా ముక్కలు, మాకరోనీ చీజ్ (ఇక్కడ దాన్ని కూరగాయల లెక్కలో వేస్తారు, నవ్వకండి), గుడ్డు తినేవాళ్లకైతే మయొనీజ్ కలిపిన క్యాబేజీ. రద్దీ వేళ ఎవరికీ తీరిగ్గా జవాబు చెప్పే వీలుండదు. ముందురోజు మధ్యాహ్నం మూడింటికి ఫోన్ చేసి అడగడం మేలు.

అపోహ: చికెన్ ఫ్రైడ్ స్టేక్ అంటే కోడి.

వాస్తవం: గొడ్డుమాంసం. పల్చగా దంచి, కోడి వేపుడులాగా పిండి పట్టించి వేయిస్తారు, అంతే. కంట్రీ ఫ్రైడ్ స్టేక్ కూడా మామూలుగా గొడ్డుమాంసమే.

అపోహ: ఎముక దగ్గర ఎర్రగా ఉంటే కోడి ఉడకలేదు.

వాస్తవం: లేత కోళ్ల ఎముకల్లోని మూలుగ రంగు బయటికి దిగి అలా కనబడుతుంది. రంగు చూసి తేల్చలేం. ముక్క మధ్యలో ఎముకకు తగలకుండా థర్మామీటర్ గుచ్చితే 74 డిగ్రీల సెల్సియస్ చూపాలి. పైన కరకరలాడక నూనె ఓడుతుంటే మాత్రం తప్పు వంటవాడిదే: ఒకేసారి ఎక్కువ ముక్కలు వేయడంతో నూనె వేడి పడిపోయింది.

అపోహ: ఇదొక బఫే.

వాస్తవం: లేచి వెళ్లి తెచ్చుకునే పని లేదు. అద్దె గదుల ఇళ్లలో ఉండేవాళ్లకు పెట్టిన భోజనం నుంచి వచ్చిన పద్ధతి ఇది. జార్జియాలోని సవానా నగరంలో 1943లో సీమా విల్క్స్ అనే ఆవిడ చేతికి తీసుకున్న అద్దె గదుల ఇంటి భోజనశాలలో ఇప్పటికీ పదిమంది పట్టే బల్లకు ముక్కూమొహం తెలియనివాళ్లను కలిపి కూర్చోబెడతారు. గిన్నె అందుకుని, కాస్త వడ్డించుకుని, అందరూ ఒకే దిక్కుగా పక్కవారికి అందించాలి. ఎదురు దిక్కులో వచ్చిందంటే బల్ల మధ్యలో ట్రాఫిక్ జామే. ఖాళీ అయితే అడగండి, మళ్లీ నింపుతారు. మొదటి చుట్టులో గరిటెడు చొప్పున వేసుకుంటేనే పదిహేను రకాలూ రుచి చూడగలరు.

అపోహ: అందరి చేతులూ పడతాయి, అంతా ఎంగిలే.

వాస్తవం: ప్రతి గిన్నెకూ వేరే గరిటె ఉంటుంది, సొంత ఫోర్కు పెట్టడం ఇక్కడా తప్పే. అసలు చిక్కు గరిటెలు మారిపోవడం. గ్రేవీ గరిటె మాకరోనీలో పడిందంటే శాకాహారికి ఆ గిన్నె కూడా పోయినట్టే. అందుకే శాకాహారులు ముందే చెప్పి, తమకు పనికొచ్చేవి చిన్న గిన్నెల్లో విడిగా తెప్పించుకోవాలి.

డబ్బులు మనిషికింత అని ఉంటాయి, ఎంత తిన్నారన్నది లెక్క కాదు. అందుకే మిగిలింది మామూలుగా డబ్బాలో కట్టివ్వరు. టిప్పు 18 నుంచి 20 శాతం ఇవ్వడం రివాజు. పెద్ద బృందమైతే బిల్లులోనే కలిపి ఉండొచ్చు, ఇచ్చేముందు ఒకసారి చూసుకోండి.