కంపెనీ చేసిన అప్పు మన నెత్తికి ఎలా చుట్టుకుంది

బ్రిటన్ మనకి నష్టపరిహారం ఇవ్వాలా వద్దా అనే గొడవ మళ్ళీ లేచింది. ఎప్పట్లాగే ఇవ్వక్కర్లేదనే వాళ్ళ మొదటి మాట ఒకటే, దోచుకుంది ఈస్టిండియా కంపెనీ అనే ఒక ప్రైవేటు కంపెనీ, దానికి ప్రభుత్వాన్ని ఎలా అడుగుతారు అని. ప్లాసీ నుంచి సిపాయిల తిరుగుబాటు దాకా స్కూల్లో చదివిందే కాబట్టి సూటిగా పాలన కంపెనీ నుంచి బ్రిటిష్ రాణి చేతికి మారిన 1858కి వచ్చేద్దాం.

ఆ నవంబర్ 1న అలహాబాద్‌లో గవర్నర్ జనరల్ కానింగ్ చదివిన విక్టోరియా రాణి ప్రకటన అందరికీ గుర్తే, కానీ అసలు చూడాల్సింది అంతకు మూడు నెలల ముందు, ఆగస్టు 2న ఆమోదం పొందిన, ఆ మార్పు తెచ్చిన చట్టం, అందులోనూ 42వ సెక్షన్. కంపెనీ వాటాదార్లకి ఏటా ఇచ్చే డివిడెండు, కంపెనీ అప్పులు అన్నీ ఇండియా ఆదాయం నుంచే, అదొక్కదాని నుంచే కట్టాలని అందులో రాసుంది. రాసింది కంపెనీ కాదు, బ్రిటిష్ పార్లమెంటు.

ఆ డివిడెండు ఎంతంటే 60 లక్షల పౌండ్ల మూలధనం మీద నూటికి పదిన్నర, అంటే ఏటా 6,30,000 పౌండ్లు, అదీ వ్యాపారం మానేసి పాతికేళ్ళైన కంపెనీకి. మన గోదావరి, కృష్ణా జిల్లాల రైతులు కట్టిన శిస్తు కూడా ఆ ఆదాయంలోదే. 1874లో కంపెనీని రద్దు చేసినప్పుడు వాటాదార్లకి వంద పౌండ్ల వాటాకి రెండొందల పౌండ్ల చొప్పున ఇచ్చి పంపారు.

తిరుగుబాటుని అణచిన ఖర్చు కూడా మన ఖాతాలోనే పడింది, ఆ లోటు పూడ్చడానికే 1860లో ఆర్థిక వ్యవహారాలు చూసిన జేమ్స్ విల్సన్ ఇక్కడ ఇన్‌కమ్ టాక్స్ పెట్టాడు. లండన్‌లో కూర్చుని ఇండియా వ్యవహారాలు చూసే బ్రిటిష్ మంత్రి జీతం మనదే, 1867లో టర్కీ సుల్తాన్ లండన్ వస్తే ఆ మంత్రి శాఖ అయిన ఇండియా ఆఫీసులో ఇచ్చిన విందు, డాన్సుల ఖర్చూ మనదే, దాని మీద హెన్రీ ఫాసెట్ అనే వాళ్ళ ఎంపీయే సభలో నిలదీశాడు.

రైళ్ళు వేశారు కదా అంటారు, వేశారు, కానీ ఆ రైల్వే కంపెనీలకి లాభం వచ్చినా రాకపోయినా పెట్టుబడి మీద నూటికి 5 వడ్డీ గ్యారంటీ ఇచ్చింది కూడా ఈ ఇండియా ఆదాయం మీదే.

ఇండియా, బ్రిటన్‌లలో ఏ ఖర్చు ఎవరు భరించాలో తేల్చమని 1895లో బ్రిటిష్ ప్రభుత్వం వెల్బీ కమిషన్ వేసింది, దాదాభాయి నౌరోజీ అందులో సభ్యుడిగా ఉండి సాక్ష్యం కూడా ఇచ్చాడు. 1900లో ఆ కమిషనే కొంత ఖర్చు బ్రిటన్ పెట్టుకోవాలని చెప్పింది. మంత్రి జీతం వాళ్ళ ఖజానా మీదకి మారింది మాత్రం 1919 భారత ప్రభుత్వ చట్టంతోనే, అప్పటిదాకా కట్టినవాటిలో ఒక్క పౌండు కూడా వెనక్కి లెక్కేసి ఇవ్వలేదు.