పసిపిల్లల నిమోనియా: దగ్గు కంటే ముందు డొక్కలు చూడండి

వానలు మొదలైన దగ్గర్నుంచి చలి తగ్గేదాకా హైదరాబాద్‌లో ఏ పిల్లల ఓపీలోనైనా రోజూ వినిపించే మాట ఒకటుంది. "జ్వరం తగ్గింది కదా డాక్టర్, దగ్గు కూడా అంతగా లేదు, అందుకే ఆగాం." ఆ మాట చెప్తున్న తల్లి ఒళ్లో బిడ్డ నిమిషానికి అరవైకి పైగా ఊపిరి తీస్తుంటాడు. పొద్దుట్నుంచి పాలు సరిగా పట్టడం లేదని అడిగితే తప్ప బయటికి రాదు. ఆ తల్లిని తప్పుపట్టి లాభం లేదు. ఇంట్లో పెద్దవాళ్లు, పక్కింటివాళ్లు, వాట్సాప్ గ్రూపులు అందరూ కలిసి ఆమె ధ్యాసంతా జ్వరం మీద, దగ్గు మీద పెట్టించారు. ఊపిరి ఎలా చూడాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

అపోహ: ఛాతీలో గురగుర ఉంటే నిమ్ము. జ్వరం, దగ్గు లేకపోతే నిమ్ము లేనట్టే.

ఈ మాటలో రెండు సగాలూ తప్పే. మొదటి సగం వల్ల అనవసరపు మందులు, రెండో సగం వల్ల ప్రాణాపాయం.

గురగుర చాలాసార్లు ముక్కు వెనకా గొంతులో చేరిన చీమిడి చప్పుడు. పసిబిడ్డకు చీదడం రాదు, ఉమ్మడం రాదు. వీపు మీద చెయ్యి వేస్తే ఆ అదురు చేతికి తగులుతుంది కాబట్టి ఛాతీ అంతా కఫం పట్టేసిందనిపిస్తుంది. బిడ్డ ఆడుతూ, పాలు తాగుతూ, మామూలుగా ఊపిరి తీస్తుంటే అది వట్టి సర్ది.

అసలు నిమోనియాలో ఊపిరితిత్తుల్లోని గాలి తిత్తుల్లో నీరు, చీము చేరతాయి. దగ్గు ఎక్కువగా పెద్ద గాలిగొట్టాల దగ్గర పుడుతుంది కాబట్టి తిత్తుల్లో నీరు చేరిన బిడ్డకు మొదట్లో దగ్గు పెద్దగా లేకపోవచ్చు. పారాసిటమాల్ పడితే జ్వరం కాసేపు దిగుతుంది, లోపలి ఇన్ఫెక్షన్ మాత్రం అలాగే ఉంటుంది. రెండు నెలల్లోపు బిడ్డకైతే జ్వరానికి బదులు ఒళ్లు చల్లబడటమే జబ్బు లక్షణం కావచ్చు.

నీరు చేరిన ఊపిరితిత్తి బిగుసుకుపోతుంది. నిండుగా ఊపిరి తీయలేక బిడ్డ కొంచెం కొంచెంగా, వేగంగా తీస్తాడు. బిగువు ఇంకా పెరిగితే ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే ఊపిరి కండరం, అదే డయాఫ్రం, గట్టిగా లాగాల్సి వస్తుంది. పసివాళ్ల పక్కటెముకలు ఇంకా మెత్తగా ఉంటాయి కాబట్టి, ఆ లాగుడుకి ఊపిరి లోపలికి తీసిన ప్రతిసారీ ఛాతీ కింది భాగం లోపలికి పోతుంది, పొట్ట బయటికి వస్తుంది. మన ఇళ్లల్లో "డొక్కలు ఎగరేస్తున్నాడు" అనేది దీన్నే. ఆ మాట మీ నోట వచ్చిందంటే బిడ్డను ఆ రోజే డాక్టర్‌కి చూపించాలి, రేపటికి ఆపకూడదు.

వేగం ఎంతైతే ఎక్కువ అనేదానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన లెక్కలు ఇవి, మన ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు నేర్చుకునేవీ ఇవే:

- 2 నెలల్లోపు: నిమిషానికి 60 లేదా అంతకన్నా ఎక్కువ
- 2 నెలలు నిండి ఏడాది లోపు: 50 లేదా ఎక్కువ
- ఏడాది నిండి 5 ఏళ్ల లోపు: 40 లేదా ఎక్కువ

లెక్కపెట్టడంలోనే తప్పులు జరుగుతాయి. చొక్కా, స్వెట్టర్ పైకి తీయాలి. దుప్పటి మీద నుంచి చూస్తే ఏమీ తెలియదు. వెలుతురు ఉండాలి. బిడ్డ నిద్రలోనో, ఒళ్లో ప్రశాంతంగానో ఉండాలి; ఏడుస్తున్నప్పుడు, పాలు తాగుతున్నప్పుడు లెక్క పనికిరాదు. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని పొట్ట దగ్గర చూడండి. పొట్ట ఒకసారి లేచి పడితే ఒకటి. లేచింది ఒకటి, పడింది ఒకటి అని లెక్కపెట్టి వంద వచ్చిందని హడలిపోయి వచ్చేవాళ్లు కూడా ఉన్నారు. నిండా 60 సెకన్లు లెక్కపెట్టాలి. 15 సెకన్లు చూసి నాలుగుతో గుణించకండి, పసిపిల్లలు కాసేపు గబగబా తీసి, రెండు మూడు సెకన్లు ఆగి, మళ్లీ తీస్తారు. రెండు నెలల్లోపు బిడ్డకు 60 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే ఇంకోసారి లెక్కపెట్టండి, రెండోసారీ అలాగే వస్తే బయల్దేరండి. జ్వరం బాగా ఉన్నప్పుడు ఊపిరి కొంత వేగంగానే ఉంటుంది. డొక్కలు మామూలుగా ఉంటే డాక్టర్ రాసిన మోతాదులో పారాసిటమాల్ పట్టి, జ్వరం దిగాక మళ్లీ చూడండి. డొక్కలు ఎగరేస్తుంటే జ్వరం దిగేదాకా కూడా ఆగొద్దు.

అన్నిటికన్నా మోసం చేసేది ఇంకొకటి ఉంది. రాత్రంతా ఎగశ్వాస తీసిన బిడ్డ తెల్లారేసరికి నెమ్మదించాడని ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. బిడ్డ కళ్లు తెరిచి చూస్తూ, పాలు అడుగుతూ ఉంటే అది మెరుగే. కానీ మగతగా పడి ఉండి, పిలిస్తే పలక్కుండా, ఊపిరి మాత్రం నెమ్మదించిందంటే కండరాలు అలిసిపోయాయని అర్థం. ఆ తర్వాత మిగిలే సమయం చాలా తక్కువ.

ఇంట్లో పల్స్ ఆక్సిమీటర్ ఉంది, 98 చూపిస్తోంది అంటారు. కరోనా నాడు కొన్నవి పెద్దవాళ్ల వేలికి చేసినవి. పసిబిడ్డ వేలు అందులో కదిలిపోతుంది, చెయ్యి చల్లగా ఉన్నా అంకె తప్పుతుంది. ఆ అంకె చూసి ఇంట్లో ఆగిపోకండి.

వీటిలో ఒక్కటి కనిపించినా రాత్రి ఒంటిగంటైనా సరే బయల్దేరాలి: పాలు, నీళ్లు అస్సలు తాగలేకపోవడం, తాగిందంతా కక్కేయడం, ఫిట్స్, లేపినా లేవని మగత, పెదాలూ నాలుకా నీలం తిరగడం, ఊపిరి వదిలినప్పుడల్లా మూలుగు. రెండు నెలల్లోపు బిడ్డకు డొక్కలు ఎగరడం, వేగంగా ఊపిరి, పాలు మానేయడం, ఏది ఉన్నా అడ్మిట్ చేయాల్సిందే. సిరప్ రాయించుకుని ఇంటికి వచ్చే జబ్బు కాదది. 108కి ఫోన్ చేయండి. రెడ్ హిల్స్‌లోని నీలోఫర్ పిల్లల ప్రభుత్వాసుపత్రే, గాంధీ ఆసుపత్రిలోనూ పిల్లల విభాగం ఉంది. దారిలో బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టకుండా ఒళ్లో నిటారుగా పట్టుకోండి. ఆయాసపడుతున్న బిడ్డ నోట్లో పాలు, నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

అపోహ: ఆక్సిజన్ పెట్టారంటే ఇక ఆశ లేదు.

కరోనా రెండో వేవ్ చూసిన కుటుంబాల్లో ఈ భయం ఉండటం సహజం. ఆక్సిజన్ పెట్టాలి అనగానే తాతలు ఏడుపు మొదలుపెడతారు, కొందరు సంతకం పెట్టి ఇంకో ఆసుపత్రికి ఎత్తుకెళ్తారు. ఆ దారిలో ఆటోలో గడిచే గంట బిడ్డకు ఆక్సిజన్ లేని గంట. నిమోనియాలో ఆక్సిజన్ కూడా ఒక మందు. ఒంట్లో ఆక్సిజన్ 90 శాతం లోపు పడిపోయిన బిడ్డకు యాంటీబయాటిక్ పని మొదలుపెట్టేదాకా గుండెనూ మెదడునూ కాపాడేది అదే. ముక్కులో పెట్టే సన్నటి గొట్టం నిమిషానికి ఒకటి రెండు లీటర్లు ఇస్తుంది, చాలామంది పిల్లలకు అంతే సరిపోతుంది. కొన్ని రోజుల్లో తీసేస్తారు. దానికి "అలవాటు పడటం" అనేది లేదు.

అపోహ: దగ్గు సిరప్, మొన్న మిగిలిన యాంటీబయాటిక్, నెబ్యులైజర్ – మూడూ ఇంట్లోనే ఉన్నాయి, డాక్టర్ ఎందుకు?

దగ్గు సిరప్ నిమోనియాను తగ్గించదు. కొన్ని మత్తు కలిగిస్తాయి. మగత జబ్బుదో మందుదో డాక్టర్లమైన మాకు తేల్చుకోవడం కష్టమవుతుంది. 2025లో మధ్యప్రదేశ్‌లో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విష రసాయనం కలిసిన సిరప్ తాగి పిల్లలు కిడ్నీలు దెబ్బతిని చనిపోయాక, రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయొద్దు, ఇవ్వొద్దని, ఐదేళ్లలోపు వాళ్లకు సాధారణంగా వద్దని కేంద్ర ఆరోగ్య శాఖ చెప్పింది. మెడికల్ షాపులో అడిగి కొనే అలవాటు మానాలి. ఏడాది దాటిన బిడ్డకు దగ్గు బాధిస్తుంటే పడుకునే ముందు అర చెంచా తేనె నాకించండి. ఏడాది లోపు తేనె వద్దు, కండరాలు చచ్చుబడే బొటులిజం అనే జబ్బు ప్రమాదం ఉంది.

యాంటీబయాటిక్ విషయంలో సీసా చూసి మోసపోతారు. అమాక్సిసిలిన్ డ్రై సిరప్ 5 మి.లీ.లో 125 మి.గ్రా. ఉండేదీ ఉంది, 250 ఉండేదీ ఉంది. నిమోనియాకు సాధారణంగా కిలోకి 40 మి.గ్రా. చొప్పున రోజుకు రెండుసార్లు రాస్తాం. 10 కిలోల బిడ్డకు పూటకు 400 మి.గ్రా., అంటే 250 సీసాలో 8 మి.లీ. అదే 8 మి.లీ. 125 సీసా నుంచి పోస్తే అందేది సగమే, జబ్బు ముదురుతుంది. అందుకే పక్కింటి బిడ్డ చీటీ మీ బిడ్డకు పనికిరాదు. పొడి సీసాలో కాచి చల్లార్చిన నీళ్లు సగం పోసి బాగా ఊపి, తర్వాత గుర్తు దాకా నింపి మళ్లీ ఊపాలి. మందు పట్టే ముందు ప్రతిసారీ ఊపాలి. కలిపిన మందు లేబుల్ మీద రాసినన్ని రోజులే ఉంటుంది, చాలావాటికి వారం. పోయినేడాది మిగిలిన సీసా పారబోయండి. మూడో రోజుకే బిడ్డ ఆడుకుంటున్నాడని మందు ఆపకండి. చీటీలో ఐదు రోజులంటే ఐదు రోజులూ పట్టాలి.

సూది వేస్తేనే తగ్గుతుందని పట్టుబట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. బిడ్డ తాగగలుగుతూ, ప్రమాద లక్షణాలేవీ లేకపోతే నోటి మందు సూదిలాగే పనిచేస్తుంది. 48 గంటల తర్వాత మళ్లీ చూపించడం మాత్రం తప్పనిసరి. అప్పటికి ఊపిరి నెమ్మదించి, జ్వరం తగ్గి, తిండి పుంజుకోవాలి. అలా కాకపోతే మందు మార్చాలా, ఊపిరితిత్తి చుట్టూ చీము చేరిందా, వేరే కారణమా అని చూడాలి. ఒకే వైపు మళ్లీ మళ్లీ నిమోనియా వస్తుంటే గాలిగొట్టంలో పల్లీ గింజో శనగ గింజో ఇరుక్కుందేమో కూడా చూస్తాం. నాలుగేళ్లలోపు పిల్లలకు పల్లీలు గింజలుగా పెట్టొద్దు.

నెబ్యులైజర్ పిల్లికూతలు ఉన్న బిడ్డకు గాలిగొట్టాలు వదులు చేయడానికి. తిత్తుల్లో నీటిని అది "కరిగించదు". రెండు రోజులు ఇంట్లో నెబ్యులైజ్ చేసి మూడో రోజు తీసుకొచ్చే పిల్లలే మమ్మల్ని ఎక్కువ కంగారు పెడతారు.

అపోహ: ముక్కులో నూనె, ఆముదం, సాంబ్రాణి, వాత – వీటితో నిమ్ము తగ్గుతుంది.

ఇవన్నీ ప్రేమతోనే చేస్తారని తెలుసు. అయినా గట్టిగా చెప్పాలి. స్నానం చేయించాక ముక్కులో వేసే నూనె చుక్కలు, ముక్కు మూసి గొంతులో పోసే ఆముదం, నెయ్యి జారి ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. నూనెను ఊపిరితిత్తి బయటికి నెట్టలేదు, దానివల్లే ఒక రకం నిమోనియా వస్తుంది, అది యాంటీబయాటిక్‌కి లొంగదు. ముక్కు మూసుకుపోతే మెడికల్ షాపులో దొరికే సెలైన్ చుక్కలు రెండేసి పాలు పట్టే ముందు వేయండి. సాంబ్రాణి పొగ, దోమల కాయిల్, అగరొత్తులు, సిగరెట్ పొగ పసి ఊపిరితిత్తులకు హాని చేస్తాయి. ఒక్క గదిలో వండుకుని, పడుకునే బస్తీ ఇళ్లల్లో ఇది మరీ ఎక్కువ. తలుపు తెరిచి, బిడ్డను పొగకు దూరంగా ఉంచాలి, కాయిల్ బదులు దోమతెర కట్టాలి. రెండేళ్లలోపు వాళ్లకు కర్పూరం ఉన్న బామ్ రాయకండి. పొట్ట మీద వాత పెడితే నిమోనియాకు తోడు పుండు, కొత్త ఇన్ఫెక్షన్. మరిగే నీళ్ల గిన్నె ముందు ఆవిరి పట్టబోయి కాలిన పిల్లలూ వస్తుంటారు.

తిండి గురించి

పెరుగు, అరటిపండు, సీతాఫలం, తల్లి తలస్నానం, ఇవేవీ నిమోనియా తేవు. అది వైరస్ వల్లో బ్యాక్టీరియా వల్లో వస్తుంది. తల్లి పెరుగు తింటే పాలకు చలువ చేస్తుందని బాలింతను కారం అన్నంతో ఉంచడం దండగ. తల్లిపాలు ఆపకండి, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పట్టండి.

అపోహ: ప్రభుత్వ టీకాలో నిమోనియా టీకా ఉండదు, వేలు పోసి కొనాల్సిందే.

ఉంది. న్యూమోకోకల్ టీకా, అదే పీసీవీ, 2017లో కొన్ని రాష్ట్రాల్లో మొదలై 2021లో దేశమంతటికీ వచ్చింది. ఆరు వారాలకు, 14 వారాలకు, తొమ్మిది నెలలకు మూడు డోసులు ఉచితం. ఏఎన్ఎం, ఆశా చెప్పిన టీకా రోజున మీ అర్బన్ పీహెచ్‌సీకి కార్డు పట్టుకెళ్లండి. 6, 10, 14 వారాలకు ఐదు జబ్బులకు కలిపి వేసే పెంటావాలెంట్‌లో హిబ్ టీకా ఉంటుంది, అది కూడా నిమోనియా తెచ్చే బ్యాక్టీరియా మీదే. తొమ్మిది నెలలకూ, 16–24 నెలలకూ వేసే ఎంఆర్ టీకా తట్టు రాకుండా ఆపుతుంది. తట్టు వచ్చిన పిల్లల ప్రాణం తీసేది చాలాసార్లు దాని వెనక వచ్చే నిమోనియానే. ఫ్లూ టీకా ఆరు నెలలు నిండాక ప్రైవేటులో వేయించవచ్చు. మొదటి ఏడాది నాలుగు వారాల తేడాతో రెండు డోసులు, తర్వాత ఏటా ఒకటి.

"బిడ్డకు సర్దిగా ఉంది, వచ్చే నెల వేయిద్దాం" అని టీకా వాయిదా వేయడం చాలామంది చేసే పొరపాటు. మామూలు సర్ది, కొద్దిపాటి వెచ్చదనం టీకాకు అడ్డం కాదు. ఆరు వారాల డోసు తప్పిపోతే ఏడాది నిండకముందే కార్డుతో వెళ్లండి, అక్కడినుంచి మొదలుపెడతారు. వేయించిన చోట కాస్త వాపు, ఒకటి రెండు రోజుల జ్వరం మామూలే. ఆ రెండు రోజుల్లో కూడా ఊపిరి వేగంగా ఉంటే అది టీకా జ్వరమని సరిపెట్టుకోకుండా చొక్కా పైకి తీసి నిమిషం పాటు లెక్కపెట్టండి.